చౌడు మిద్దె, పాత పడవ

పూడూరు చుట్టుపక్కల మట్టి మిద్దెల కింద పెరిగినవాళ్లకు ఎండాకాలం చివర ఒక పని తప్పేది కాదు. రోహిణి ఎండలు మాడుస్తుండగానే బండి కట్టి చౌడు తోలుకొచ్చి మిద్దె మీద పరిచేవాళ్లు. నిరుటి చౌడు ఎక్కడ కొట్టుకుపోయింది, ఎలుక ఎక్కడ బొక్క పెట్టింది, నీళ్లు జారే తూము దగ్గర పగులు వచ్చిందా అని చూసుకుంటూ, చల్లి, తడిపి, తొక్కి, చదును చేసి దిగేవాళ్లు. మృగశిర చినుకు పడేనాటికి ఇల్లు సిద్ధంగా ఉండాలి. వాన మొదలయ్యాక పైకెక్కి ఏం లాభం? అప్పటికే దూలం తడిసి ఉంటుంది. తడిసిన దూలం పైకి గట్టిగానే కనిపిస్తూ లోపల మెత్తబడుతుంది.

వారాలు, నెలలు సముద్రం మీద తిరిగే పాత తెరచాప పడవల గురించి చదువుతున్నకొద్దీ నాకు ఆ మిద్దే గుర్తుకొచ్చింది. పోలిక పైపైది కాదని నా నమ్మకం. పాత పడవను నిలబెట్టుకోవడం గురించి చదివిందంతా, చూసిందంతా ఒక్కచోట పెట్టి చూస్తే తేలే మొదటి సంగతి ఇది: సముద్రపు ఉప్పునీటి కంటే ఆకాశం నుంచి పడే మంచినీళ్లే పాత పడవలను ఎక్కువగా పాడుచేస్తాయి. పైకప్పులో గోరంత సందు, దాని కింద ఏళ్లతరబడి ఎవరూ చూడని చెక్క, పాత పడవల చావు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న పూడూరుకు ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్యపు) రేడియో కేంద్రానికి శంకుస్థాపన చేశారు. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గరి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది ఆ తరహా రెండో కేంద్రం. మామూలు రేడియో తరంగం సముద్రపు నీటిలో కాస్త దిగగానే చచ్చిపోతుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఈ అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతుకు దిగి జలాంతర్గామిని పలకరించగలవు. ఆ అడవి కోసం, ఆ చెట్ల కోసం ఇక్కడి జనం అడిగిన ప్రశ్నలు నావి కూడా; అది వేరే వ్యాసానికి తగిన విషయం. అంతకు చాలా ముందు నుంచే ఈ నేలకు తెరచాపతో ఒక బంధం ఉంది. మూసీ పుట్టేది మన అనంతగిరి గుట్టల్లో. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు కట్టించిన హుస్సేన్‌సాగర్‌కు నీళ్లు తెచ్చింది మూసీ నుంచి తవ్విన బల్కాపూర్ కాలువ. ఇవాళ తెలంగాణలో తెరచాప ఎత్తడం నేర్చుకోవాలంటే ఆ సాగర్ గట్టుకే పోవాలి. ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడే పిల్లలకు ఆప్టిమిస్ట్, లేజర్ పడవల మీద గాలిని పట్టడం నేర్పుతున్నాయి.

అయితే ఆప్టిమిస్ట్ వేరు, నేను చెప్పే పడవ వేరు. ఆప్టిమిస్ట్ రెండున్నర మీటర్లైనా లేని పిల్లల పడవ. సాయంత్రం గట్టెక్కించి బోర్లిస్తే ఆ రోజుకు దాని పని అయిపోతుంది. క్రూజింగ్ పడవ అంటే నీటి మీద ఇల్లు. 25 నుంచి 45 అడుగుల పొడవు, లోపల పడుకునే బల్లలు, వంట పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న డీజిల్ ఇంజను, అడుగున పడవను నిటారుగా నిలిపే బరువైన కీలు, పైన తెరచాపను మోసే మాస్టు. ప్రపంచంలో ఇవాళ చేతులు మారుతున్న పాత పడవల్లో ఎక్కువ భాగం 1960ల నుంచి 1980ల మధ్య ఫైబర్‌గ్లాసుతో పోసినవి. తొలినాళ్ల తయారీదార్లకు ఈ కొత్త పదార్థం ఎంత మందంగా ఉంటే సరిపోతుందో తెలియలేదు. భయంతో కావలసినదానికంటే మందంగా పోశారు. ఆ భయం వల్లే ఆ పడవల ఒళ్లు ఇప్పటికీ గట్టిగా ఉంది. ముసలిదైంది వాటి ఒళ్లు కాదు, ఆ ఒంటికి తగిలించిన సామాను.

ఈ సంగతి తెలియక పాత పడవ కొన్నవాళ్లు మొదట భయపడేది బొబ్బలకు. పడవను నీళ్లలోంచి తీయగానే అడుగున రూపాయి బిళ్లంత బొబ్బలు కనిపిస్తాయి. ఫైబర్‌గ్లాసు పూర్తిగా నీరు చొరనిది కాదు. ఏళ్లతరబడి నీళ్లలో ఉంటే తేమ కణకణంగా లోపలికి పోయి, రెసిన్‌లో సరిగా కుదరని రసాయనాలతో కలిసి ఘాటైన ద్రవమవుతుంది, అది పైపొరను ఉబ్బిస్తుంది. దీన్ని ఆస్మోసిస్ అంటారు. మందు ఉంది: పైపొర గీకేసి, నెలలపాటు ఆరబెట్టి, ఎపాక్సీ పూతలు వేయడం. ఖర్చు చాలా ఎక్కువ. కానీ బొబ్బల వల్ల మునిగిన పడవలు చాలా అరుదని అనుభవజ్ఞులందరూ దాదాపు ఒక్క మాటగా చెబుతారు. నా దృష్టిలో ఈ విషయం మీద రాసిన రాతల్లో సగం బొబ్బల మీదే ఖర్చయింది, పైకప్పుకు న్యాయం జరగలేదు.

పైకప్పు సంగతి చూద్దాం. పడవ డెక్కు బరువు తగ్గాలని రెండు పలుచని ఫైబర్‌గ్లాసు పొరల మధ్య బాల్సా చెక్కనో ప్లైవుడ్‌నో పెడతారు. కమ్మని రొట్టెల మధ్య కూర పెట్టినట్టు. ఎండినంత కాలం ఇది అద్భుతంగా గట్టిది. కానీ ఆ డెక్కుకు వందల రంధ్రాలు పడతాయి: తాళ్లు కట్టే కొక్కేలకు, కప్పీలకు, పట్టుకునే రాడ్లకు, కిటికీలకు. ప్రతి బోల్టు చుట్టూ మెత్తటి బంక పెడతారు. ఆ బంక పదేళ్లకో పదిహేనేళ్లకో ఎండి పగులుతుంది. వాననీళ్లు బోల్టు వెంట దిగి బాల్సాలో చేరతాయి. ఉప్పునీళ్లయితే చెక్కను తినే బూజుకు అంతగా రుచించవు. మంచినీళ్లయితే దానికి విందే. పైపొర మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క నానిన అటుకులవుతుంది.

కనిపెట్టేదెలా? ఇక్కడ తాండూరు బండలు పరిచే మేస్త్రీకి కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. పరిచిన బండ కింద సిమెంటు సరిగా కూర్చుందో లేదో ఆయన తాపీ పిడితో కొట్టి చెప్తాడు. గట్టిగా ఖణేల్‌మంటే సరే, డొల్లగా మోగితే లేపాల్సిందే. పడవ సర్వేయరు చేసేదీ అదే. చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్కంతా జానెడు జానెడు కొట్టుకుంటూ పోయి, శబ్దం మొద్దుబారిన చోట సుద్దతో గుర్తు పెడతాడు. తేమ కొలిచే మీటర్లు వచ్చాయి గానీ అవి తడి ఉందని చెప్పగలవు, కుళ్లిందో లేదో చెప్పలేవు. చెవి చెప్పగలదు. కుళ్లిన చోట పైపొరను పలకలా కోసి తీసి, చెక్కను చెక్కేసి, ఆరబెట్టి, కొత్త బాల్సా అతికించి మళ్లీ మూయాలి. ఒక్క గజం మేర పనికి వారం పడుతుంది. అదే పదేళ్లకొకసారి బోల్టులన్నీ ఊడదీసి కొత్త బంకతో బిగిస్తే ఆ గజం పని ఎప్పటికీ రాదు. చౌడు చల్లడమంటే ఇదే.

నీళ్ల తర్వాత నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది స్టెయిన్‌లెస్ స్టీలు. తుప్పు పట్టదని పేరుపెట్టుకున్న ఈ లోహం వంటింట్లో ఆ పేరు నిలబెట్టుకుంటుంది, ఎందుకంటే అక్కడ గాలి ఉంది. గాలిలోని ఆక్సిజన్ దాని మీద కంటికి కనపడని పొర కడుతుంది. రక్షించేది ఆ పొరే. తడి ఉండి గాలి ఆడని సందులో ఆ పొర మళ్లీ కట్టుకోదు, లోహం సందు లోపల గుంటలు పడి అరిగిపోతుంది. పాత పడవలో సరిగ్గా అలాంటి చోట్లే అత్యంత ముఖ్యమైన ముక్కలున్నాయి. మాస్టును పట్టుకునే తీగలు డెక్కు గుండా లోపలికి దిగే పట్టీలు, కీలును పడవకు బిగించే బోల్టులు, చుక్కాని లోపల నురుగులో దాగిన కడ్డీ. బయటికి తళతళ, డెక్కు మందంలో ఉన్న అంగుళం మేర సగం అరిగిపోయి ఉంటుంది. విప్పి చూడకుండా తెలుసుకునే మార్గం లేదు. కొన్న మొదటి ఏడాదే ఒక్కో పట్టీ విప్పి చూడాలన్న సలహాను కఠినమని కొందరంటారు. నాకు మాత్రం అది అవసరమనే అనిపిస్తుంది.

మాస్టు తీగలు కూడా అంతే. ఒక్కో తీగలో 19 పోగులుంటాయి. ఒక్క పోగు తెగినా ఆ తీగ పని అయిపోయినట్టే. పదిహేనేళ్లకు మించి వాటిని నమ్మొద్దని సాధారణ నియమం. పరీక్ష చాలా సులువు: చేతిలో దూదిపింజ పట్టుకుని తీగ వెంట కింది నుంచి పైకి తుడుస్తూ పోవాలి. తెగిన పోగు ఎక్కడుందో అక్కడ దూది చిక్కుతుంది. పత్తి పండే మన మండలంలో దూదికి ఇంత పెద్ద ఉద్యోగం ఉందని ఎవరికి తెలుసు!

ఇక నీటిమట్టం కింద పడవకు చేసిన రంధ్రాలు. ఇంజను చల్లబడటానికి నీళ్లు లోపలికి, సింకు నీళ్లు బయటికి పోవాలి కాబట్టి అవి తప్పవు. ప్రతిదానికీ ఒక వాల్వు ఉంటుంది. అది కంచుదా, ఇత్తడిదా అన్నది ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. సముద్రపు నీరు జింకును నెమ్మదిగా లాగేసుకుంటుంది. మిగిలిన రాగి గులాబి రంగుకు తిరిగి, గుల్లబారి, గట్టిగా పట్టుకుంటే విరిగిపోతుంది. ఒకరోజు రాత్రి లంగరు వేసి పడుకున్న పడవలో పొద్దున్నకు నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయంటే మూలం ఇదో, ఒక రబ్బరు గొట్టమో అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అందుకే ప్రతి వాల్వు పక్కనా దాని రంధ్రానికి సరిపడే మెత్తటి కొయ్య బిరడా తాడుతో వేలాడదీయాలంటారు. నాలుగు డబ్బుల ఖర్చుకు ఇంతకంటే మంచి బీమా నాకెక్కడా కనిపించలేదు.

ఇంజను, కరెంటు తీగలు, తెరచాపల గురించి క్లుప్తంగా చెబితే చాలు. డీజిల్ ఇంజను గాలి, శుభ్రమైన నూనె, శుభ్రమైన ఇంధనం దొరికితే దశాబ్దాలు పని చేస్తుంది. దాన్ని చంపేది ఇంధనంలో చేరిన నీళ్లు, మార్చని రబ్బరు ఇంపెల్లరు. తీగలు కళాయి పూసిన రాగివైతేనే ఉప్పుగాలికి నిలుస్తాయి. తెరచాప గుడ్డకంటే ముందు దాని కుట్టు ఎండకు పోతుంది, గోటితో దారాన్ని గీరి చూస్తే తెలుస్తుంది. అడుగున తగిలించే జింకు దిమ్మ సగం కరిగిందంటే మార్చాలి. అది తాను కరిగిపోయి మిగతా లోహాలను కాపాడుతుంది.

పుస్తకాల్లో నాకు దగ్గరైనవి రెండు. డాన్ కేసీ 1991లో తెచ్చిన 'దిస్ ఓల్డ్ బోట్' పాత పడవను ఇష్టంతో చూస్తుంది; చేతిలో డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవాడిని ఉద్దేశించి రాసింది. నైజెల్ కాల్డర్ రాసిన యాంత్రిక, విద్యుత్ మాన్యువల్ వైద్యగ్రంథం లాంటిది. రోగలక్షణం పట్టుకుని కారణం దాకా నడిపిస్తుంది. మొదటి పుస్తకం చదివితే ధైర్యం వస్తుంది, రెండోది చదివితే భయం వస్తుంది. పడవ ఉన్నవాడికి రెండూ కావాలి. వీటికి భిన్నమైన దారి లారీ, లిన్ పార్డీ దంపతులది. ఇంజనే లేని చిన్న చెక్క పడవల మీద వాళ్లు లోకం చుట్టారు. లేని వస్తువుకు మరమ్మతు ఉండదు గదా. అన్నీ వదులుకోలేకపోయినా, పడవలోకి ఎక్కించే ప్రతి యంత్రమూ ఒక పనివాడిని కోరుతుందన్న వాళ్ల లెక్క కాదనలేనిది.

ఖర్చు విషయంలో ఒక మాట చలామణిలో ఉంది: పడవ విలువలో పదో వంతు ఏటా మరమ్మతుకు పోతుందని. కొత్త పడవకు ఇది సరిపోవచ్చు. పాతదానికి ఈ లెక్క దారి తప్పిస్తుంది. పాత పడవ ధర పడిపోతుంది గానీ దాని మాస్టు తీగ ధర, తెరచాప ధర, ఇంజను ధర కొత్త పడవ సామానుతో సమానమే. అందుకే చవగ్గా దొరికిందని కొన్నవాడు మూడేళ్లలో కొన్న ధరకు మించి పెట్టి, విసిగి, గట్టున వదిలేస్తాడు. కొనేటప్పుడు చూడాల్సింది పడవ ధర కాదు, దాని పొడవు. ఐదడుగులు పెరిగితే ప్రతి సామానూ ఒక సైజు పెరుగుతుంది.

సముద్రం మీద జరిగినవి చూస్తే ఈ చదువంతా ఒంటికి పడుతుంది. భారత నౌకాదళపు ఐఎన్ఎస్‌వీ తారిణి గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో తయారై 2017 ఫిబ్రవరిలో దళంలో చేరింది. అదే ఏడాది సెప్టెంబరు 10న వర్తికా జోషీ నాయకత్వంలో ఆరుగురు మహిళా అధికారులతో ప్రపంచయాత్రకు బయల్దేరింది. వాళ్లలో ఇద్దరు మన ఆడబిడ్డలు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య. 254 రోజుల తర్వాత, 2018 మే 21న గోవా చేరారు. ముందు అనుకున్న మజిలీలు నాలుగు: ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. ఐదోది అనుకోనిది. చుక్కాని తిప్పే యంత్రం మొరాయించడంతో మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగాల్సి వచ్చింది. దక్షిణ మహాసముద్రపు తుపానులన్నీ దాటొచ్చిన పడవ, ఇల్లు కనిపించే దూరంలో ఒక యంత్రభాగం దగ్గర ఆగింది. పడవ అప్పటికి నిండా రెండేళ్లది కూడా కాదు. కొత్తదానికే ఇలా ఉంటే ముప్ఫై ఏళ్ల పడవలో ఏ భాగాన్ని చూడకుండా వదలగలం?

పాత పడవతో లోకం చుట్టిన మన ఉదాహరణా ఉంది. భారత సైన్యపు ఇంజనీర్లు ఇంగ్లండులో సెకండ్‌హ్యాండులో కొన్న 37 అడుగుల పడవకు తృష్ణ అని పేరు పెట్టి, 1985లో బయల్దేరి 1987 జనవరిలో ప్రదక్షిణ ముగించారు. తెరచాపతో భూమిని చుట్టిన మొదటి భారతీయ బృందం వాళ్లదే.

బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల సుహైలీ కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ 1968 జూన్ 14న దానిమీద ఒంటరిగా ఇంగ్లండులోని ఫాల్మత్ నుంచి బయల్దేరాడు. కొన్ని వారాలకే అడుగున కీలు పక్కన పలకల సందుల్లోంచి నీళ్లు రావడం మొదలైంది. అట్లాంటిక్ మధ్యలో ఆయన నీళ్లలోకి దూకి, పడవ కిందికి మునిగి, ఊపిరి బిగబట్టినంత సేపు పని చేస్తూ సందులో నూలు కూరాడు, దానిమీద కాన్వాసు పట్టీ మేకులతో కొట్టాడు, ఆపైన రాగి రేకు తొడిగాడు. ఆ అతుకుతోనే 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చాడు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి మనిషి. నాకు ఇందులో సాహసం కంటే ఆ మూడు పొరల క్రమం నచ్చుతుంది: ముందు సందు పూడ్చడం, తర్వాత పూడ్చింది రాలకుండా కప్పడం, తర్వాత ఆ కప్పు నీటి ఒరిపిడికి చిరగకుండా కాయడం.

చెక్క పడవ సందుల్లో నూలు ఎందుకు నిలుస్తుందో బండి కట్టిన రైతుకు చెప్పక్కర్లేదు. ఎండకు చక్రం కొయ్య కుంచించుకుపోయి పట్టా వదులైతే చక్రాన్ని కుంటలో వేస్తాం. తడికి కొయ్య ఉబ్బి పట్టా బిగుస్తుంది. పడవ పలకలూ అంతే. నీళ్లలో ఉన్నంతసేపు పలకలూ నూలూ ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. గట్టున ఎక్కువ రోజులు ఎండితే సందులు విడతాయి. అందుకే చెక్క పడవను మన దక్కను ఎండలో నెలలపాటు నిలబెట్టడం మరమ్మతు అనిపించుకోదు. నీడ కావాలి, తడి గోనెలు కావాలి.

ఆ సుహైలీ యాత్రను తలచుకుంటూ 2018లో మళ్లీ నడిపిన గోల్డెన్ గ్లోబ్ పందెం పాత నమూనా పడవలకే పరిమితం. మరమ్మతు విద్యకు అంత మంచి పరీక్ష ఇంకొకటి లేదు. తుపానులో పడవ పల్టీ కొట్టడంతో మాస్టును పట్టే బోల్టు అల్యూమినియాన్ని చీల్చుకుంటూ కిందికి జారితే, 73 ఏళ్ల జాన్ లూక్ వాన్ డెన్ హీడ్ పదేపదే మాస్టెక్కి తాళ్లతో బిగించుకుని మొదటివాడిగా గమ్యం చేరాడు. ఫిన్లండ్‌కు చెందిన టాపియో లెహ్తినెన్ పడవ అడుగంతా బార్నకిల్ గుల్లలు పట్టి నత్తనడక నడిచింది. ఆయనకు 322 రోజులు పట్టింది. అడుగుకు వేసే పూత సరిగా పని చేయకపోతే ఎంత గట్టి పడవైనా ఏమవుతుందో చూపడానికి ఆ ఒక్క అంకె చాలు. మన అభిలాష్ టామీ అదే పందెంలో సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో మాస్టులు విరిగి, వెన్ను దెబ్బతిని, మూడు రోజుల తర్వాత ఫ్రెంచి ఓడ ఒసిరిస్ వచ్చేదాకా కదలలేక పడుకున్నాడు. అదే మనిషి 2022లో మళ్లీ బయల్దేరి 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో చేరాడు.

ఇక మన తీరం. పాత పడవను కాపాడే విద్య మనకు కొత్తగా నేర్పాల్సింది కాదు, మనమే దాన్ని విద్యగా గుర్తించలేదన్నది నా ఫిర్యాదు. విశాఖ తీరపు తెప్పను చూడండి. నాలుగైదు దుంగలు తాడుతో కట్టినది. వేట నుంచి రాగానే తాళ్లు విప్పి దుంగలను ఇసుకలో విడివిడిగా ఆరబెట్టేవాళ్లు. మరమ్మతు వీలు ముందే ఆలోచించి కట్టిన పడవ అది, ఏ భాగమూ దాగి ఉండదు. కోరమండల్ అలల మీద నడిచిన కుట్టు పడవల్లో ఇనుప మేకు లేదు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. అల కొడితే పడవ వంగేది, విరిగేది కాదు. కుట్టు అరిగితే మళ్లీ కుట్టుకునేవాళ్లు. మన కృష్ణమ్మ మీది పుట్టిలో వెదురు బుట్ట పాతబడకుండా తారు పూతే కాచేది.

గోదావరి పాయ మీది కోరంగి ఒకనాడు ఓడలు కట్టే, బాగుచేసే రేవు. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఆయన అక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. బ్రిటిష్ నౌకాదళపు ఆల్బట్రాస్ అందులో బాగుపడింది. ఆ రేవు నుంచి ఎంతమంది తెలుగువాళ్లు ఓడలెక్కారంటే బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు పడింది. 1789 ఉప్పెన, 1839 నవంబరు ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టాయి. కానీ విద్య మిగిలింది. పక్కనున్న తాళ్లరేవు వైపు వడ్రంగులు ఇప్పటికీ కాకినాడ వేటగాళ్లకు చెక్క బోట్లు కడుతున్నారు, పాతవాటికి పలకలు మారుస్తున్నారు.

అక్కడ ఒక క్యాలెండరు ఉంది, మన రోహిణి కార్తె లాంటిది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో అదే మరమ్మతుల కాలం. బోట్లు గట్టెక్కుతాయి, అడుగు గీకుతారు, సందులు చూస్తారు, ఇంజను విప్పుతారు, రంగు పూస్తారు. ఈ బోట్లు తెరచాపవి కావు, సరే. కానీ ఉప్పునీళ్లలో చెక్క ఎలా ప్రవర్తిస్తుందో, కుళ్లు ఎక్కడ మొదలవుతుందో ఏటా రెండు నెలలు చేతులతో చదివే మేస్త్రీలు దేశంలో ఇంకెక్కడ ఇంతమంది ఉంటారు?

లోటు ఎక్కడంటే, ఆ మేస్త్రీకీ హుస్సేన్‌సాగర్‌లో తెరచాప ఎత్తే పిల్లకూ మధ్య. ఆ పిల్లకు గాలి తెలుసు, పడవను విప్పడం తెలియదు. మేస్త్రీకి చెక్క తెలుసు, మాస్టు తీగల లెక్క తెలియదు. నౌకాదళానికి రెండూ తెలుసు గానీ అది గోవా గట్టున, యూనిఫాం లోపల ఉంది. మన తీరంలో క్రూజింగ్ పడవలు లేకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. పడవ పాతబడ్డాక దాన్ని నమ్మి అప్పగించేందుకు చేయి కనిపించకపోవడం కూడా. పడవ కొనగలవాళ్లు మనలో ఇవాళ చాలామందే ఉన్నారు; పదేళ్లకొకసారి దాని బోల్టులు విప్పే ఓపిక ఉన్నవాళ్లు కావాలి.

నాకొక కోరిక ఉంది. ఏదో ఒక క్లబ్బో, ఇంజనీరింగు కాలేజో ముప్ఫై అడుగుల పాత ఫైబర్‌గ్లాసు పడవను ఒకటి కొని, కాకినాడ గట్టున నీడలో నిలబెట్టి, రెండేళ్లపాటు దానిని బడి చేస్తే బాగుండు. సముద్రం మీదికి పంపాలన్న తొందర వద్దు. తాళ్లరేవు మేస్త్రీ ఒకరు, సాగర్ మీద పెరిగిన పిల్లలు నలుగురు, డీజిల్ మెకానిక్ ఒకరు చాలు. ఎక్కడ మొదలుపెట్టాలో నేను చెప్పగలను, దానికి సుత్తి కూడా అక్కర్లేదు. మా ఊళ్లో చౌడు పరిచాక మిద్దె నిలిచిందో లేదో చూసేవాళ్లలాగే చేయాలి. పైన ఒకరు బిందెతో నీళ్లు పోస్తూ డెక్కు మీద అడుగు అడుగునా నడవాలి. లోపల ఒకరు టార్చి పట్టుకుని, వెల్లకిలా పడుకుని, ఏ బోల్టు చివర చుక్క నిలుస్తుందో చూస్తూ గట్టిగా కేకేసి చెప్పాలి.